డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి: ఆచార్యుని స్వేచ్ఛ, ఆచార్యుని బాధ్యత

మురుగమల్ల, చింతామణి, బాగేపల్లి ప్రాంతాలలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం. ఈ గ్రామాలు మైసూరు సంస్థానంలో కోలారు జిల్లాకు చెంది ఉండిన కాలంలో, ఇక్కడి ప్రతి పాఠశాల మీదా అధికారం గల విద్యాశాఖకు ఒక తెలుగువాడు అధిపతిగా ఉండేవారన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియదు. ఆయనే డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. సాహిత్య విద్యార్థులు ఆయనను ముసలమ్మ మరణము రచించిన కవిగానూ, కవిత్వతత్త్వ విచారము రచించిన విమర్శకునిగానూ ఎరుగుదురు. కోస్తా జిల్లాలవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ నిర్మాతగా ఎరుగుదురు. అయితే ఆయన జీవితంలో ఉపాధ్యాయ వృత్తిలోని వారందరూ ప్రత్యేకంగా ఆలోచించదగిన ఘట్టం ఒకటి ఉన్నది. చేతిలో ఉన్న అత్యున్నత విద్యాపదవిని 1930లో ఆయన తనంతట తానే విడిచిపెట్టారు. దానికి కారణం అనారోగ్యం కాదు, అపకీర్తి కాదు, మరొక పెద్ద పదవి మీది ఆశా కాదు. ఆ ఘట్టం అర్థం కావాలంటే ముందు నడిచిన జీవితాన్ని కొంత తెలుసుకోవాలి.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు పట్టణాన్ని ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. తల్లి నారాయణమ్మ, తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి. తండ్రి న్యాయవాది, కలిగిన కుటుంబం. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని పట్టణం. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే ఆ సరిహద్దు సీమలో పెరగడం వలన కాబోలు, ఏ ఒక్క ప్రాంతపు అభిమానంలోనూ ఆయన పూర్తిగా ఒదగలేదు. చిత్తూరులో ఉన్నత పాఠశాల చదువు ముగించుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి చరిత్ర, తత్త్వశాస్త్రాలు అభ్యసించారు.

కళాశాలలో చదువుకొనే రోజులలోనే, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, విద్యార్థుల కావ్యపోటీ కోసం ముసలమ్మ మరణము రచించారు. కథ మన ప్రాంతానికి దగ్గరిది. బాగేపల్లి నుంచి ఉత్తరంగా పెనుకొండ మీదుగా పోతే అనంతపురం, దాని పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. ఆ చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి తన ప్రాణాన్ని సమర్పించిన కోడలి కథను సి.పి. బ్రౌన్ దొర సేకరింపజేసిన అనంతపుర చరిత్రలో ఆయన చదివారు. చెరువు తప్ప వేరే నీటి ఆధారం లేని గ్రామాలవారికి కట్ట తెగడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రాజులనూ దేవతలనూ విడిచి ఒక రైతు ఇంటి కోడలిని కావ్యనాయికగా చేయడం, శుభాంతం కాని ముగింపును నిలపడం, రెండూ ఆనాటి సంప్రదాయానికి విరుద్ధమైనవే. పెద్దలు మెచ్చిన బాటనే నడవాలన్న నియమం తనకు లేదని ఆ వయసులోనే తెలియజేసినట్లయింది.

1902లో ప్రభుత్వ ఉపకార వేతనం లభించి ఇంగ్లండుకు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. చరిత్రలో ఉత్తమశ్రేణి విద్యార్థిగా పేరు పొందారు. కేంబ్రిడ్జి యూనియన్ అనే ప్రసిద్ధ చర్చాసంఘానికి ఉపాధ్యక్షునిగా ఎన్నికైన తొలి భారతీయుడాయన. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ప్రభుత్వ విధానమైనా, మతవిశ్వాసమైనా, ఆర్థిక సిద్ధాంతమైనా ఒకరు సమర్థించాలి, ఒకరు ఖండించాలి, సభ ఓటు వేయాలి. ఓడినవాడు శత్రువు కాడు. మరుసటి వారం మళ్ళీ మాట్లాడతాడు. వలసదేశం నుంచి వెళ్ళిన యువకునికి ఈ అలవాటు ఎంత విలువైనదిగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. ఆయన తరువాతి జీవితమంతా ఆ చర్చాశాల వాసన వదలలేదు. మాటలో పదును, ఎదుటివారిని నవ్విస్తూనే నొప్పించే వ్యంగ్యం ఆయనకు మిత్రులను ఎంతమందిని ఇచ్చాయో విరోధులను కూడా అంతమందిని ఇచ్చాయి.

స్వదేశానికి తిరిగివచ్చిన పిమ్మట బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనను తన కళాశాలలోనికి తీసుకున్నారు. అరవింద ఘోష్ వంగదేశపు జాతీయోద్యమంలో ప్రవేశించడానికి విడిచి వెళ్ళిన ఉపాధ్యక్ష స్థానమే రామలింగారెడ్డిగారికి లభించింది. సంస్థాన కళాశాలలో జీతం తీసుకుంటూ బ్రిటిషు పాలనను బహిరంగంగా విమర్శించడం ఆనాడు సాధ్యమయ్యేది కాదు. బోధన కావాలంటే రాజకీయం మానాలి, రాజకీయం కావాలంటే బోధన మానాలి. అరవిందులు రెండవదాన్ని ఎంచుకున్నారు. పాతికేళ్ళు గడవకముందే అదే చిక్కు రామలింగారెడ్డిగారి ఎదుట కూడా వచ్చి నిలిచింది.

బరోడా నుంచి ఆయన మైసూరు సంస్థానానికి వచ్చారు. 1909 ప్రాంతంలో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరి చరిత్ర, ఆంగ్లం, అర్థశాస్త్రం వంటి విషయాలను బోధించారు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, 1912లో దివాను పదవి చేపట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం ఉండాలని సంకల్పించారు. అంతవరకూ మైసూరు కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షలకే విద్యార్థులను తయారు చేసేవి. ఏమి బోధించాలో నిర్ణయించేది మద్రాసు, బోధించేది మైసూరు. విదేశాలలో విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నవో చూసిరావడానికి రామలింగారెడ్డిగారినీ, థామస్ డెన్‌హామ్ అనే ఆంగ్లేయ ఆచార్యునీ సంస్థానం పంపింది. స్వతంత్ర పరిశోధనకు పేరుపడిన షికాగో, విద్యను పొలాలకూ పల్లెలకూ చేర్చిన విస్కాన్సిన్, పౌరజీవితానికి యువకులను సిద్ధం చేసే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ఆ అధ్యయనంలో చేరాయి. ఆ కృషి ఫలితంగా 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఆరంభమైంది. దేశీయ సంస్థానాలలో వెలసిన మొట్టమొదటి విశ్వవిద్యాలయం అదే.

ఇక్కడ విస్కాన్సిన్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. అమెరికాలోని ఆ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎలీ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు కార్మికుల సమ్మెలను సమర్థించాడనీ, ప్రమాదకరమైన భావాలు బోధిస్తున్నాడనీ 1894లో అభియోగం వచ్చింది. విచారణ జరిపిన పాలకమండలి ఆయనను నిర్దోషిగా ప్రకటించడమే కాక, సత్యాన్వేషణలో ఆచార్యులకు ఎలాంటి అడ్డంకులూ ఉండరాదని తీర్మానించింది. రైతుల పన్నుతో నడిచే ప్రభుత్వ విద్యాలయం ఇంత ధైర్యం చూపడం ఆ రోజులలో గొప్ప విషయం. ఇంకొకవైపు, ప్రపంచానికి స్వేచ్ఛను నేర్పినదని పేరున్న కేంబ్రిడ్జిలోనే, రామలింగారెడ్డిగారు చదివిన సెయింట్ జాన్స్ పక్కనున్న ట్రినిటీ కళాశాల యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు బెర్ట్రాండ్ రస్సెల్‌ను 1916లో ఉపన్యాసక పదవి నుంచి తొలగించింది. పేరు గొప్పతనం ఒకటి, పరీక్ష వచ్చినప్పుడు నిలబడడం ఒకటి.

మైసూరులో ఉండగా రామలింగారెడ్డిగారు చేసిన పనులలో ఒకటి తెలుగువారికి శాశ్వతమైన ఉపకారం. పరకాల మఠంలో సంస్కృతం చదువుకొంటున్న రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిని గుర్తించి, 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితునిగా నియమింపజేశారు. అప్పటికి శర్మగారి వయసు ఇరవై దాటలేదు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లి నుంచి వచ్చిన ఆ యువకుడు దాదాపు నాలుగు దశాబ్దాలు మైసూరులో తెలుగు బోధించి మహావిమర్శకునిగా, సంగీత సాహిత్యవేత్తగా వెలుగొందారు. పట్టాలను చూసి కాక పాండిత్యాన్ని చూసి మనిషిని ఎన్నుకోవడం, ఎన్నుకున్న తరువాత అతని దారిన అతనిని పోనివ్వడం రామలింగారెడ్డిగారి పద్ధతి.

1914లో కవిత్వతత్త్వ విచారము వెలువడింది. పింగళి సూరన కావ్యాలను, ముఖ్యంగా కళాపూర్ణోదయాన్ని ఆధారంగా చేసుకొని, ప్రబంధ కవుల వర్ణనల మోజును, కథనూ పాత్రలనూ నిర్లక్ష్యం చేసే ధోరణిని ఆయన తీవ్రంగా విమర్శించారు. సాహిత్యలోకం అట్టుడికినట్లు ఉడికింది. పూర్వకవులను తప్పుపట్టడం అపచారమని కొందరు, పాశ్చాత్యుల కొలబద్దతో తెలుగు కవిత్వాన్ని కొలవడం అన్యాయమని కొందరు ఎదురు తిరిగారు. రెండవ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాని గౌరవించే కవిని కూడా పరీక్షించవచ్చుననీ, పరీక్షించడం ద్వేషించడం కాదనీ తెలుగులో అంత గట్టిగా చెప్పిన గ్రంథం అంతకుముందు అరుదు. ఆచార్యుని స్వేచ్ఛ ప్రభుత్వం నుంచి మాత్రమే కావలసినది కాదు. తన సమాజపు అభిమానాల నుంచి, తన పండిత కూటమి నుంచి కూడా అతనికి స్వేచ్ఛ కావాలి. బహుశా ఈ రెండవదే కష్టం.

తరువాత ఆయన సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. కోలారు జిల్లాలోని చింతామణి, బాగేపల్లి తాలూకాల పల్లె బడులు కూడా ఆ శాఖ కిందివే. ఆనాడు పంచములని పిలువబడిన వర్గాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశం ఉండేది కాదు. వారికి ఎక్కడో విడిగా బడులు ఉండేవి, చాలాచోట్ల అవీ ఉండేవి కావు. ప్రభుత్వ ధనంతో నడిచే బడి అన్ని కులాల పిల్లలకూ తెరిచి ఉండాలని రామలింగారెడ్డిగారు ఆదేశం జారీ చేశారు. దానికి వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. అయినా ఆయన వెనుకకు తగ్గలేదు. విశ్వవిద్యాలయాల స్వాతంత్ర్యాన్ని గురించి మాట్లాడేవారిలో చాలామంది ఆ విశ్వవిద్యాలయపు గడప దాకా రాలేని వారిని గురించి ఆలోచించరు. ఆయన ఆలోచించారు. ఈ గ్రామాలలో నేడు ఒకే బల్ల మీద కూర్చొని చదివే పిల్లలకు ఆ ఆదేశం సంగతి తెలియవలసి ఉన్నది.

1921లో మైసూరు ఉద్యోగం వదలి మద్రాసు రాష్ట్ర రాజకీయాలలో దిగారు. మొదట జస్టిస్ పార్టీలో ఉండి, తరువాత దానినుంచి విడివడి, 1923 నవంబరులో పానగల్లు రాజా మంత్రివర్గం మీద శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. భారతదేశపు శాసనసభలలో అటువంటి తీర్మానం అదే మొదటిదని చెబుతారు. 44 ఓట్లు అనుకూలంగా, 65 ఓట్లు వ్యతిరేకంగా వచ్చి అది వీగిపోయింది. రాజకీయాలలో ఆయన ఒక పార్టీలో స్థిరంగా నిలువలేదన్న అపవాదు అప్పుడే మొదలైంది. అది పూర్తిగా అన్యాయమైన అపవాదు కాదు.

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న చిరకాల వాంఛ విద్యామంత్రి ఎ.పి. పాత్రోగారి కృషితో 1925లో చట్టరూపం ధరించింది. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. రామలింగారెడ్డిగారు దానికి తొలి వైస్ ఛాన్సలర్. అంతకు మూడేళ్ళ ముందు ఏ మంత్రివర్గాన్ని పడగొట్టడానికి ప్రయత్నించారో ఆ పక్షమే ఇంకా అధికారంలో ఉండగా ఆ నియామకం జరగడం విశేషం. కేంద్రస్థానం ఎక్కడ ఉండాలన్న వివాదం ఏళ్ళ తరబడి సాగి, చివరకు 1930లో వాల్తేరుకు చేరింది. కొత్త సంస్థకు భవనాలు లేవు, ధనం లేదు, గ్రంథాలయం లేదు. జమీందారుల వాకిళ్ళు తట్టి నిధులు కూడగట్టవలసి వచ్చింది. సూర్యోదయం, పద్మం, స్వస్తికం గల విశ్వవిద్యాలయ చిహ్నాన్ని ఆయన సూచనల మేరకు కౌతా రామమోహనశాస్త్రిగారు చిత్రించారు. తాము కలిసి చదివిన చదువు తేజోవంతం కావాలని గురుశిష్యులిద్దరూ కోరుకొనే ఉపనిషద్వాక్యం దానికి ఆదర్శవాక్యమైంది. గురువు శిష్యునికి ఇచ్చే వరంగా కాక, ఇద్దరి ఉమ్మడి ప్రార్థనగా ఉన్న వాక్యాన్ని ఎన్నుకోవడం గమనించదగినది.

ఆ తొలి సంవత్సరాలలో జరిగిన ఒక కార్యాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1928లో విశ్వవిద్యాలయం పక్షాన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురంలో వేమన మీద ఏడు ఉపన్యాసాలు ఇచ్చారు. కులాన్నీ, విగ్రహారాధననూ, పాండిత్యపు డంబాన్నీ నిలదీసిన వేమనను అంతవరకు పండితులు కవిగా లెక్కపెట్టేవారు కారు. ఆటవెలది పద్యాలు పిల్లలకు నేర్పేవారేగాని వాటి వెనుక ఉన్న మనిషిని విచారించేవారు లేరు. బాగేపల్లికి దూరం కాని కదిరి ప్రాంతపు కటారుపల్లిలో వేమన సమాధి ఉన్నదని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో పెరిగిన పండితుడు వేమన చరిత్రను, మతాన్ని, కవిత్వాన్ని ఎక్కడా తూలకుండా పరిశీలించి, మెచ్చవలసినచోట మెచ్చి, ఆక్షేపించవలసినచోట ఆక్షేపించడం. ఆ పనికి విశ్వవిద్యాలయం వేదిక కల్పించడం. ఆ వేదికను తరగతి గదిలో కాక ప్రజల మధ్య ఒక జిల్లా పట్టణంలో వేయడం! స్వేచ్ఛ, బాధ్యత అనే రెండు మాటలు ఆచరణలో ఎలా ఉంటాయో చూడదలచినవారు ఆ ఉపన్యాసాల గ్రంథాన్ని చదవాలి. అది నేటికీ లభిస్తుంది.

ఇక 1930. ఆ ఏడు గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహం ఆరంభించారు. ఆంధ్రదేశపు సముద్రతీరమంతటా శిబిరాలు వెలిశాయి. అరెస్టులు, లాఠీదెబ్బలు, నిషేధాజ్ఞలు నిత్యకృత్యమయ్యాయి. కళాశాలల విద్యార్థులు చదువులు వదలి ఉద్యమంలో చేరుతున్నారు. విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ మద్రాసు గవర్నరే. దమనకాండ నడిపే ప్రభుత్వానికి అధిపతి ఆయనే, పట్టాల సభకు అధ్యక్షుడూ ఆయనే. వైస్ ఛాన్సలర్ ఆ ఇద్దరినీ వేరువేరుగా చూడగలడా? ఉద్యమంతో తనకు సంబంధం లేదని, తన పని పరీక్షలు జరిపించడమేనని రామలింగారెడ్డిగారు అనుకొని ఉండవచ్చు. అలా అనుకొన్నవారు దేశంలో చాలామంది ఉన్నారు, వారిని ఎవరూ తప్పుపట్టలేదు కూడా. పైగా ఆయన గాంధీగారి అనుచరుడు కారు, ఆయన ఉదారవాది. అయినప్పటికీ ప్రభుత్వ దమననీతికి నిరసనగా తన పదవికి రాజీనామా ఇచ్చారు. నాలుగేళ్ళు ఇటుక ఇటుక పేర్చి కట్టిన సంస్థ వాల్తేరు కొండమీద అప్పుడే కాలూనుకొంటున్న సమయం అది.

ఈ రాజీనామాను రెండు విధాలుగా చూడవచ్చు. సంస్థను నమ్ముకొన్న అధ్యాపకులనూ విద్యార్థులనూ నడిమధ్యలో విడిచిపోవడం బాధ్యతారాహిత్యం కాదా అని అడగవచ్చు. అడిగినవారు ఉన్నారు. కాని ఇంకొక సంగతి చూడాలి. ఆయన పదవిలో ఉండి సంస్థ పేరును ఉద్యమానికి వాడుకోలేదు. విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వంతో తగాదాలోకి లాగలేదు. సంస్థ స్థానంలో సంస్థను ఉంచి, తన మనస్సాక్షికి తాను మూల్యం చెల్లించుకొన్నారు. నిరసన ఆయనది, నష్టమూ ఆయనదే. స్వేచ్ఛను వాడుకొనే ఆచార్యుడు దాని భారాన్ని విద్యార్థుల మీద వేయకూడదన్న సూత్రం ఆ ఒక్క పనిలో కనిపిస్తుంది.

అలాగని ఆ త్యాగాన్ని అందరికీ కొలమానం చేయడం న్యాయం కాదు. రామలింగారెడ్డిగారు కలవారి బిడ్డ. జీవితాంతం అవివాహితులుగా ఉన్నారు. నెల జీతం మీద నలుగురు పిల్లలను పోషించుకొనే ఉపన్యాసకుడు అదే సంవత్సరంలో అదే పని చేయగలిగేవాడా? చేయలేకపోతే అతను పిరికివాడా? విశ్వవిద్యాలయ స్వేచ్ఛ వీరుల ధైర్యం మీద ఆధారపడినంతకాలం అది కొద్దిమంది సొత్తుగానే ఉంటుంది. అది చట్టం మీద, ఉద్యోగభద్రత మీద, సాటి అధ్యాపకుల అండ మీద ఆధారపడాలి. జర్మనీలో 1933లో హిట్లరు ప్రభుత్వం యూదు ఆచార్యులను వందలాదిగా తొలగించినప్పుడు, ప్రపంచప్రసిద్ధమైన ఆ విద్యాలయాలలో సాటివారు నోరు విప్పినది చాలా తక్కువ. అలా స్థానం కోల్పోయిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను సి.వి. రామన్‌గారు బెంగుళూరుకు పిలిపించారు. 1935, 36 సంవత్సరాలలో కొన్ని నెలలు ఆయన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉన్నారు. స్థిరమైన ఆచార్యపదవి ఇవ్వడానికి మాత్రం సంస్థలో అంగీకారం కుదరలేదు. చింతామణికి అంత దగ్గరగా నిలవగలిగిన మహావిజ్ఞాని మరొక దేశానికి తరలిపోయారు. 1954లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రామలింగారెడ్డిగారి తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన కూడా 1918 నుంచి 1921 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించినవారే. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, తెలుగులో పింగళి లక్ష్మీకాంతం, ఆంగ్లం, అర్థశాస్త్రాది విభాగాలలో హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు వాల్తేరులో చేరారు. వారిలో భిన్న రాజకీయ భావాలవారు ఉన్నారు. ముఖర్జీగారు తరువాత కమ్యూనిస్టు నాయకులలో ప్రముఖులయ్యారు. 1936లో రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా రామలింగారెడ్డిగారే మళ్ళీ ఎన్నికై వచ్చారు. ఏ పదవిని నిరసనగా వదిలారో ఆ పదవికే సాటివారి ఓట్లతో తిరిగిరావడం తక్కువమందికి దక్కే గౌరవం.

ఈ రెండవ పర్యాయం 1949 వరకు, పదమూడు సంవత్సరాలు సాగింది. జయపూరు మహారాజా విక్రమదేవవర్మగారు సాలీనా లక్ష రూపాయలు ఇచ్చిన దానంతో శాస్త్ర సాంకేతిక కళాశాల వర్ధిల్లింది. 1938లో వ్యావహారిక భాషోద్యమ నాయకులు గిడుగు రామమూర్తిగారికి విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదును సమర్పించింది. వాడుక భాష కోసం పాతికేళ్ళకు పైగా పండితులతో పోరాడిన మనిషిని ఆ పండితులకే కేంద్రమైన విద్యాపీఠం సన్మానించడం ఆనాడు చిన్న విషయం కాదు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేయగా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. యుద్ధకాలమంతా అద్దె ఇళ్ళలో తరగతులు నడిపించి, తిరిగి వాల్తేరుకు చేర్చే భారం అరవై దాటిన వైస్ ఛాన్సలర్ మీద పడింది.

ఆ 1942లోనే ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది, ఆయన స్వీకరించారు. అదే సంవత్సరం క్విట్ ఇండియా ఉద్యమం లేచి వేలాదిమంది జైళ్ళకు వెళ్ళారు. 1930లో పదవిని వదిలిన చేయి 1942లో బిరుదును అందుకోవడం చాలామంది దేశాభిమానులకు నచ్చలేదు. నాజీలు, జపాను సైనిక పాలకులు గెలవరాదన్న ఆలోచన దేశంలోని ఉదారవాదులు పలువురికి ఉండేది. ఆయన వైఖరిని ఆ వెలుగులో అర్థం చేసుకోవచ్చు. అయినా జీవితచరిత్రలో రెంటినీ పక్కపక్కనే రాయవలసిందే. ఆయన ఎవరి మాటకూ పూర్తిగా కట్టుబడని మనిషి. ఆ గుణమే ఒకసారి వీరునిగా, ఒకసారి ఒంటరివానిగా నిలబెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విశ్వవిద్యాలయాలు ప్రభుత్వాల రోజువారీ జోక్యానికి అందకుండా ఉండాలని సిఫారసు చేసింది. ఆచార్యుల స్వేచ్ఛను గురించి విడిగా చెప్పే అధికరణం మన రాజ్యాంగంలో లేదు. పౌరులందరికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛనే, 19వ అధికరణాన్నే, వారూ ఆశ్రయించాలి. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఈ విషయమై ఒక పత్రం రూపొందించుకోవడానికి 1997 వరకు పట్టింది. ఆ సంవత్సరం యునెస్కో ఆమోదించిన సిఫారసులో ఉన్నత విద్యాబోధకులకు బోధనలో, పరిశోధనలో, తాము పనిచేసే సంస్థనే విమర్శించడంలో స్వేచ్ఛ ఉండాలని ఉన్నది. దానితోపాటే విద్యార్థుల పట్ల పక్షపాతం చూపకపోవడం, ఇతరుల పరిశోధనను తమదిగా చెప్పుకోకపోవడం, తమకు తెలియని విషయంలో పాండిత్యం నటించకపోవడం వంటి ధర్మాలు కూడా ఉన్నాయి. రామలింగారెడ్డిగారి కాలంలో ఇటువంటి పత్రం ఏదీ లేదు. ఉండి ఉంటే ఆయన దానిలో నాలుగు తప్పులు పట్టి ఉండేవారనడంలో సందేహం లేదు.

1949లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి విరమించిన పిమ్మట మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు ఆయనను మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా ఆహ్వానించారు. ఏ విశ్వవిద్యాలయం పునాదుల కోసం యౌవనంలో దేశదేశాలు తిరిగివచ్చారో దానికే వృద్ధాప్యంలో పెద్దగా వచ్చారు. ఆయన నియమింపజేసిన రాళ్ళపల్లివారు మహారాజా కళాశాల ఉద్యోగం నుంచి విరమించినదీ ఆ రోజులలోనే. రెండేళ్ళు తిరగకుండానే, 1951 ఫిబ్రవరి 24న, తన డెబ్బయ్యవ ఏట రామలింగారెడ్డిగారు కన్నుమూశారు. వాల్తేరులోని స్నాతకోత్సవ మందిరానికి ఆయన పేరు ఉన్నది. ఏలూరులో 1945లో స్థాపించిన కళాశాల ఆయన జీవించి ఉండగానే ఆయన పేరు పెట్టుకొన్నది. మైసూరు రాజ్యంలోని తెలుగు పల్లెలలో ఆయన పేరు ఏ బడి గోడ మీదా సాధారణంగా కనిపించదు.